ఖాసిం చిచా వద్దన్న బంగారు పన్ను

అది 1942. నిజాం ఏలుబడి. హైదరాబాదులో పళ్ల డాక్టరుగా పనిచేస్తూ, వారానికొకసారి సంత రోజున బస్సెక్కి ఇబ్రహీంపట్నం వచ్చేవాణ్ణి. సంత పక్కన ఒక అద్దె గది, అందులో ఒక కుర్చీ, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు. అదే నా దవాఖాన. వచ్చిన ప్రతివాడూ "పీకెయ్యి డాక్టర్ సాబ్" అనేవాడే. విరిగిన పన్నును ఎలాగైనా నిలబెట్టమని బతిమాలినవాడు ఖాసిం చిచా ఒక్కడే.

చిచాకు యాభై దాటి ఉంటాయి. యాచారం వైపు ఒక పల్లెలో కొంత పొలం, మోటబావి ఉన్నాయి. ఊరి మసీదులో నమాజుకు పిలిచే అజాన్ ఇచ్చేది కూడా ఆయనే. మోట తోలుతుంటే తాడు తెగి, కర్ర ఎగిరొచ్చి మూతికి తగిలి, పైవరస ముందుపన్ను సగానికి విరిగింది.

"తిండికి ఫికర్ లేదు డాక్టర్ సాబ్, రొట్టె పక్కపండ్లతోని నములుత. అజాన్ల 'సలాహ్' మంచిగనే వస్తది గని, 'ఫలాహ్' అనంగనే గాలంత బయటికి పోతున్నది. రంజాన్ దాక చూస్తం, గప్పటికి సుత సాఫ్‌గ రాకుంటే ఇంకొకర్ని పెడ్తమన్నరు పెద్దలు. మా బాపు ఇచ్చిన అజాన్ అది, నా కాడ ఆగిపోతదా?" అన్నాడు.

మిగిలిన పన్ను మొదలు గట్టిగానే ఉంది. దాని మీద క్రౌన్, అంటే తొడుగు, వేస్తే సరిపోతుంది. ఏ క్రౌన్ వెయ్యాలన్నదే చిక్కు. గోల్డ్ షెల్ క్రౌన్ పల్చటి బంగారు రేకుతో చేసేది. విరగదు, నాలుకకు అడ్డం రాదు. జాకెట్ క్రౌన్ పింగాణీది. చూడటానికి అచ్చం పన్నే, కానీ పగలకుండా ఉండాలంటే మందంగా చెయ్యాలి, ఆ మందానికి మాట మారుతుంది. గొంతుతో పనున్న మనిషికి బంగారమే నయమని ఠక్కున చెప్పేశాను.

"బంగారం మొగోళ్లకు హరాం కద సాబ్."

"నగలు వద్దన్నరు గని, పన్నుకేంది చిచా? జర ఖాజీ సాబ్‌ను అడుగు."

వచ్చే సంతకల్లా అడిగొచ్చాడు. అవసరానికైతే తప్పు లేదన్నాడట ఖాజీ. హమ్మయ్య అనుకున్నాను. చిచా మాత్రం కుర్చీలో కూర్చోలేదు.

"ఖాజీ సాబ్ ఇజాజత్ ఇచ్చిండు, అవ్. నా దిల్ ఇస్తలేదు. అల్లా పేరు తీస్తుంటె నోట్ల బంగారం మెరిస్తె, అందరు ఖాసింగాని పన్నే చూస్తరు. అజాన్ ఎవడింటడు?"

పోనీ, వెనక బంగారం వేసి ముందు తెల్లటి పింగాణీ పలక పెడతాను, రవ్వంత కూడా బయటికి కనిపించదు అన్నాను.

"గట్ల దాస్తె బంగారం ఇత్తడైతదా?"

నాకు ఒళ్లు మండింది. "అయితే పింగాణీదే పెడ్త. 'ఫలాహ్' మంచిగొచ్చి 'సలాహ్' ఖరాబైతే నన్ను అనొద్దు!"

ఆయన నవ్వాడు. "పన్ను నువ్వు కూసొబెట్టు బిడ్డా. నాలుకను నేను కూసొబెడ్త."

పన్ను చుట్టూ అరగదీసి, అచ్చు తీసుకెళ్లి, హైదరాబాదులో జాకెట్ చేయించి తెచ్చి సిమెంటుతో అతికించాను. ఏది దేవుడిచ్చిందో ఏది నేను పెట్టిందో నాకే తెలియనంత బాగా కుదిరింది. "ఏదీ, అను చిచా" అన్నాను. 'ఫ' పలికింది. 'స' దగ్గర, నేను భయపడ్డట్టే, ఈల వేసింది. వెనకవైపు కొంచెం అరగదీశాను. ఇంకా తీస్తే పగులుతుంది. చిచా ముఖం చిన్నబోయింది, అయినా సలాం చేసి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆయన భార్య బీబమ్మ పంటినొప్పితో వచ్చింది. వస్తూనే నా మీద పడింది. "ఏం పన్ను పెట్టినవ్ బిడ్డా! పొద్దుందాక మోట తోలుకుంట సలాహ్, సలాహ్ అంటనే ఉన్నడు. ఎడ్లు సుత గది ఇంటెనే ఎనకకు నడుస్తున్నయి. ఊరోళ్లు పిచ్చి లేసిందంటుండ్రు!"

రంజాన్‌కు ముందు సంతనాడు చిచా బండి కట్టుకొని వచ్చి నన్ను తన ఊరికి తీసుకెళ్లాడు. పొద్దు గూకుతోంది. ఆ సాయంత్రం అజాన్ విని తేలుస్తామన్నారట పెద్దలు. వాళ్లలో అందరికంటే కచ్చితమైన ముసలాయన మసీదు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చిచా చెవుల దగ్గర చేతులు పెట్టుకుని అందుకున్నాడు. 'సలాహ్' దగ్గరికొచ్చేసరికి నేను చెవులు రిక్కించాను. ఎక్కడా ఈల లేదు. అబ్బ, ఏం గొంతు! నాకు అరబ్బీ రాదు, అయినా ఒళ్లు జలదరించింది.

ముసలాయన కళ్లు తెరిచి, "ఖాసిం, రంజాన్‌ల తెల్లారకముందు సహర్ బువ్వకు రోజు నువ్వే లేపాలె మమ్ములను" అన్నాడు. చిచా ఆయన చేతులు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అంతవరకూ ఏ క్రౌన్ గట్టిదో నాకు తెలుసు గనక, ఏది వెయ్యాలో కూడా నేనే చెప్పాలనుకునేవాణ్ణి. ఆ తరవాత ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవాణ్ణి, "నీకు దేనికి మనసొప్పుతది?" అని. మనసొప్పిన పన్ను కోసం మనిషి ఎంత కష్టమైనా పడతాడని చిచాను చూశాకే నమ్మాను.