నల్లి బొక్క ముందెవరికి

నాచారంలో మా అమ్మ ఆదివారం మటన్ వండితే మూలుగ నిండిన నల్లి బొక్క మా బావ కంచంలోకే పోయేది. అక్క పెళ్లయిన నాటి నుంచీ అంతే. అల్లుడు కదా, పెడుతోందిలే అని నేను పట్టించుకునేదాన్ని కాదు. పట్టించుకోవడం నేనూ ఉద్యోగంలో చేరాక మొదలైంది. బావ ఒక విమానాల కంపెనీలో కెప్టెన్. నేను దానికి పోటీ కంపెనీలో కోపైలట్‌ని. ఆ రెండూ టికెట్ల ధరల మీద కొట్టుకునేవి, పైలట్లను ఒకదాని దగ్గర నుంచి ఒకటి లాక్కునేవి. మిగిలిన యుద్ధం మా ఇంట్లో చాప మీద జరిగేది.

బావ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేవాడు. చొక్కా మార్చుకోమని అక్క చెప్పినా వినేవాడు కాదు. భుజాల మీద కెప్టెన్ నాలుగు గీతలు అలాగే ఉంచుకుని, బొక్కను కంచానికేసి కొట్టి మూలుగ జుర్రుకుంటూ మా జీతాల సంగతి ఎత్తేవాడు. మాకు జీతం ఎగిరిన గంటల లెక్కన వస్తుంది. ఎగరకపోయినా ఇన్ని గంటలకు ఇస్తామని కంపెనీ ముందే మాట ఇస్తుంది. ఎవరి కంపెనీ గొప్పదో పైలట్లు తేల్చుకునేది ఆ గంటల దగ్గరే.

"మీకు గ్యారంటీ గంటలు ఇంకా పెంచలేదా మరదలా? మాకు మళ్ల పెంచిన్రు" అనేవాడు. "మీదొక కంపెనీయా, ఎగిరే షేర్ ఆటో. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ నిలవడి ఇంకొక్కరు, ఇంకొక్కరు అని పిలుసుడే తక్వ."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఏం చేస్తాను. కానీ ఆ మాటలు మా నాన్నకు ఎక్కాయి. ఆయన ఇక్కడి ఫ్యాక్టరీలోనే షిఫ్టులు చేసి రిటైరైన మనిషి. పొద్దున వాకింగ్‌లో కనబడ్డ ప్రతివాడికీ "మా చిన్నబిడ్డ విమానం నడుపుతది" అని చెప్పుకునేవాడు. ఒక ఏడాది మా కంపెనీ జీతాలు కోసింది. ఆ కబురు నేను చెప్పేలోపే బావ మా ఇంట్లో చెప్పేశాడు. తర్వాత ఒక పొద్దున నాన్నతో నడుస్తుంటే ఎవరో ఎదురొచ్చి, మీ బిడ్డ ఏం జేస్తదని అడిగాడు. నాన్న నా వైపు చూడకుండా "మా అల్లుడు కెప్టెన్" అన్నాడు.

మాట అన్నది నాన్న, నేను పగబట్టింది బావ మీద. న్యాయమేనా అంటే కాదు. కన్నతండ్రి మీద పగబట్టలేను కదా. నాకు కావలసింది ఒక్కటే. ఆ చాప మీదే, నాన్న వింటుండగా, ఎప్పటికైనా నేనే కెప్టెన్‌నని బావ నోటితో చెప్పించాలి.

తర్వాత నేనూ కెప్టెన్నయ్యాను. స్వీట్లు పట్టుకుని ఇంటికి వెళ్లి చెప్పాను. "షేర్ ఆటోల డ్రైవర్ సీటు దొరికిందన్నట్టు" అన్నాడు బావ. నాన్న నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

ఓడలు బళ్లవుతాయంటారు. మమ్మల్ని ముంచాలని ధరలు దించీ దించీ చివరికి బావ కంపెనీయే మునిగింది. శంషాబాద్‌లో ఇంజన్లకు ముసుగులు కట్టి మూలన నిలబెట్టిన వాళ్ల విమానాల ముందు నుంచి నేను నా విమానాన్ని నడిపించుకుంటూ పోయేదాన్ని. జాలి పడాలి. పడలేదు.

బావ ఎక్కే గడపా దిగే గడపా అయి చివరికి మా కంపెనీకే వచ్చాడు. మా వృత్తిలో కంపెనీ మారితే సీనియారిటీ మళ్లీ మొదటి నుంచి. పైగా ఆయన ఇన్నేళ్లూ నడిపింది వేరే రకం విమానం. అందుకని మూడు గీతలిచ్చి కుడి సీట్లో కోపైలట్‌గా కూర్చోబెట్టారు. ఇంట్లో మాత్రం "మరదలి కంపెనీల కెప్టెన్‌గ తీస్కున్నరు" అని చెప్పాడు. గీతల పట్టీలు అక్క కంట కూడా పడకుండా బ్యాగులోనే ఉంచేవాడు. నాచారానికి యూనిఫాంలో రావడం మానేశాడు, ఉక్కపోత అని సాకు. నేను నోరు విప్పలేదు. నేను చెబితే కుళ్లుకుని చెప్పాననేవాళ్లు.

ఒక రోజు ఇద్దరికీ ఒకే విమానంలో డ్యూటీ పడింది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాడు బావ. బయట వాన. బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసి రావలసింది కోపైలట్. రెయిన్‌కోటు వేసుకుని ఆయన చక్రాల కింద వంగి చూస్తుంటే నేను లోపల కాఫీ తాగాను. చాలా హాయిగా అనిపించింది.

పైకి వెళ్లాక భోజనం వచ్చింది. పైలట్లిద్దరూ ఒకటే తినకూడదని మాకు నియమం. తిండి వికటిస్తే ఇద్దరూ ఒకేసారి పడిపోకూడదు కదా. ఏది కావాలో ముందు కెప్టెన్ చెబుతారు, మిగిలింది కోపైలట్‌కి. బావకు ఏళ్ల అలవాటు, చెయ్యి చికెన్ ట్రే మీదికి పోయింది. సగంలో ఆగి నా వైపు చూశాడు.

"నాకు చికెన్" అన్నాను. నిజానికి ఆ రోజు నాకు ఆకలే లేదు.

బావ ఉప్మా సగం తిని మూత పెట్టాడు. దిగాక మెట్ల దగ్గర మెల్లగా "ఇంట్ల జెప్పకు" అన్నాడు.

"నేనేం జెప్పను బావా" అన్నాను.

ఆ ఆదివారం కూరలో రెండు నల్లి బొక్కలు పడ్డాయి. అమ్మ ఒకటి బావకు వేసింది. ఆయన దాన్ని తీసి నా కంచంలో పెట్టి "మరదలు మస్తు కష్టపడ్తది అత్తమ్మా" అన్నాడు. లంచం అని నాకు అర్థమైంది. అల్లుడికి లేకపోతే ఎట్లా అని అమ్మ రెండోది ఆయనకు వేసింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఇద్దరం ఒకటే తినొద్దు గద బావా."

"గదేం లెక్క బిడ్డా?" అన్నాడు నాన్న.

"బావనడుగు నాయినా."

బావ బొక్కను కంచంలో పక్కకు జరిపాడు. "పైలట్లిద్దరు ఒకటే తిండి తినొద్దు మామా. ముందుగాల కెప్టెన్ తీస్కోవాలె."

"మీరిద్దరు కెప్టెన్లే గద. ఒక్క విమానంల వోతే ముందుగాల ఎవరు తీస్కుంటరు?"

నాన్నకు ఏమీ తెలియదు, ఊరికే అడిగాడు. బావ అక్క వైపు చూశాడు, కంచం వైపు చూశాడు.

"తనే తీస్కుంటది మామా. తను కెప్టెన్. నేను కోపైలట్‌ను."

వడ్డిస్తున్న అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. మొగుడు తనకూ నిజం చెప్పలేదని ఆమెకు అప్పుడే తెలిసింది. కానీ ఆమె కొరకొరా చూసింది నన్ను. ఈ రోజుకీ నాతో సరిగా మాట్లాడదు.

నాన్న ముద్ద కంచంలో వదిలేశాడు. "తిను బిడ్డా" అన్నాడు. "నువ్వు దిన్నంకనే మేమందరం తింటం."

అందరి చేతులూ ఆగాయి, బావ చెయ్యి కూడా. చల్లారితే మూలుగ గడ్డకట్టి ఊరికే రాదు. బొక్కను కంచానికేసి కొట్టాను, బావ కొట్టినట్టే. రాలేదు. ఆయన చూస్తుండగా, వచ్చేదాకా కొట్టాను.