తాతయ్య గొంతు పోయిన రోజు

నా చిన్నప్పుడు బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో ఒక మర్యాద ఉండేది. బీడు దారిలో మనిషి ఎదురైతే, ముక్కూమొహం తెలియకపోయినా, "యా ఊరప్పా మనది?" అని అడగకుండా దాటిపోకూడదు. ఎక్కడికి అని మాత్రం అడగరు, పోయే పని చెడుతుందని.

మా అమ్మ పోయిన నెలకు మా తాతయ్య నన్ను గూడుబండిలో మేనత్త ఇంటికి తీసుకుపోయాడు. ఇకమీదట నేను పెరగాల్సింది అక్కడే. ఎనిమిదేళ్లదాన్ని. అమ్మ పోయిన నాటినుంచి నోరు విప్పలేదు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. నేను ఉలకలేదు, పలకలేదు. మొండిదాన్నని ఇప్పటికీ అంటారు, ఆ మాట నిజమే.

పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరే దారి. రెండు వైపులా ఎర్రనేల, తుమ్మచెట్లు, ఎండిన బోదగడ్డి. ఎంత దూరం చూసినా మనిషి అలికిడి లేదు. ఊరు దాటగానే తాతయ్య గొంతు పట్టుకుని గుసగుసగా అన్నాడు. "పాపా, నా గొంతు పూడిపోయిండాది. ఎదురొచ్చినోళ్లను నువ్వే పలకరించాల. ఊరకే పోతే తప్పు."

మొదట గొర్రెలాయన ఒకడు ఎదురయ్యాడు. బండిని చూడగానే నవ్వుమొహంతో ఆగాడు. తాతయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. బండి దాటిపోయింది. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, ఆయన ఇంకా దారి మధ్యలో నిలబడి మా వైపే చూస్తున్నాడు. ఆ పూట ఆయనకు కనబడిన మనుషులం మేమే అయ్యుంటాం.

మధ్యాహ్నం దాటాక కట్టెలమోపుతో ఒక ముసలామె వచ్చింది. బండి ఆమెను దాటబోతుంటే ఎలా అన్నానో, "యా ఊరవ్వా మనది?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆమె మోపు దించి ఊరు పేరు చెప్పి, "నువ్వెవురి బిడ్డవు తల్లీ? మీయమ్మ యాడుండాది?" అంది.

"మాయమ్మ సచ్చిపోయింది" అన్నాను. నెలరోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నేను ఊరుకునే దాకా ఆమె బండి పట్టుకుని నిలబడింది. తాతయ్య ఎద్దులను అదిలించలేదు.

సాయంత్రం అత్త గుమ్మం ముందు దిగీ దిగకముందే తాతయ్య, "అమ్మీ, బిడ్డ మాట్లాడతాండాది!" అని వీధంతా వినబడేలా అరిచాడు. పొద్దున్నుంచి పూడిపోయిన గొంతది! ముసలాయన ఎంత నాటకమాడాడో అప్పుడర్థమైంది.

మా ఆయన పోయాక, ఈ ఏడు మనవరాలు నన్ను ఆస్ట్రేలియా తీసుకొచ్చింది. ఇక్కడ నేను రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. మొన్న కారవాన్ అనే ఇల్లులాంటి బండిలో పగలంతా ఎడారి దారిలో తిప్పింది. అదే ఎర్రనేల. మనిషి జాడ లేదు. రోజంతా ఎదురొచ్చినవి నాలుగే బండ్లు. మొదటి బండి నడిపే ఆయన స్టీరింగు మీది నుంచి ఒక వేలు పైకెత్తాడు. తెలిసినవాడా అని అడిగాను.

"కాదవ్వా. ఈ దారుల్లో అందరూ అట్లే చేస్తారు" అంది మనవరాలు.

రెండో బండి వచ్చేసరికి చెయ్యెత్తి సిద్ధంగా ఉన్నాను. అద్దం బిగించి ఉందని తెలిసీ, "యా ఊరప్పా మనది?" అని గట్టిగా అడిగాను. మిగతా రెండింటినీ అలాగే అడిగాను. మనవరాలు నవ్వింది. నవ్వనీ. ఇన్నేళ్లయినా ఆ గొర్రెలాయన నా వెనక దారి మధ్యలో నిలబడే ఉన్నాడు. ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆయనే అనుకుని పలకరిస్తాను.