సగంలో నిలిచిన ముల్లు

పోయిన నెల అక్కను కంటి డాక్టరుకు చూపించడానికి ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు బాడుగ కారులో తీసుకుపోతూ, అలవాటు కొద్దీ డ్రైవరు భుజం మీదుగా తొంగి చూశాను. వేగం చూపే అంకెలున్నాయి, పాటలు పెట్టుకునే తెర ఉంది, ఇంజను వేడి చూపే ముల్లు మాత్రం ఎక్కడా లేదు. అడిగితే డ్రైవరు నవ్వి, "వేడెక్కితే ఎర్ర లైటు పడ్తాది అవ్వా, అప్పుడు జూసుకుందాంలే" అన్నాడు. ఆ 'అప్పుడు' అన్న మాట నాకు మింగుడు పడలేదు. దారి పొడవునా సీటు అంచునే కూర్చున్నాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కారులో ముందు కూర్చున్న ప్రతివాళ్ళ కళ్ళూ సగం రోడ్డు మీద, సగం ఆ ముల్లు మీద ఉండేవి. నాయన దగ్గర ఒక పాత నల్ల కారుండేది. డెబ్బై తొమ్మిది మే నెలలో అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, నేను సైన్సు టీచరుగా చేరిన మొదటి ఏడాది ముగించుకుని వేసవి సెలవులకు ఇంట్లో ఉన్నాను. బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు మొదలయ్యేలోపలే నంద్యాల ఆసుపత్రికి చేర్చమని నర్సమ్మ పొద్దున్నే వచ్చి చెప్పిపోయింది. అమ్మ మూటలు కట్టేసింది, నాయన కారు తుడిచేశాడు, అడ్డుపడింది నేనే.

ముందురోజు నాయనతో నంద్యాల పోయి వస్తుంటే శిరివెళ్ళ దగ్గర బానెట్ కింద నుంచి బుసబుసా ఆవిరి లేచింది, ముల్లు మాత్రం సగానికి కాస్త కిందే నిమ్మళంగా నిలబడి ఉంది. మూత వదులై ఉంటుందన్నాడు నాయన. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆవిరి నిజమైతే ముల్లు అబద్ధం, ముల్లు నిజమైతే ఆవిరికి వేరే కారణం ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమో తెలియకుండా, దారిలో ఇంజను పట్టేస్తే మే నెల ఎండలో నిండు చూలాలితో ఏం చేస్తాం?

"ముల్లును గూడా పరీచ్చకు కూచోబెడ్తాండావా టీచరమ్మా?" అన్నాడు నాయన విసుగ్గా. అయినా ఇంజనుకు బిగించిన ఇత్తడి ముక్కను, అదే ఇప్పుడు సెన్సరంటున్నారు, ముల్లుకు పోయే తీగ దానికే ఉంచి, పానాతో విప్పి ఇచ్చాడు. కారు పక్కన కిరసనాయిలు స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు పెట్టి, ఆ ముక్క కొసను అందులో ముంచి, దానికి ఒక తీగ చుట్టి రెండో కొసను కారు ఇనుముకు కట్టాను. నా కాలేజీ నాటి థర్మామీటరు పక్కన నిలిపాను. వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న అక్క, "మే, యాడికన్నా పోయేది ఉందా ల్యాదా? ఆ నీళ్ళల్లో ఇంత టీ పొడన్నా ఎయ్యి, తాగి పోతాం" అని అరుస్తూనే ఉంది.

నీళ్ళు మరిగాయి, పాదరసం వందకు చిటికెడు కింద ఆగింది, ముల్లు చక్కగా ఎర్ర గీత దాకా లేచింది. "సూసినావా, ముల్లు మంచిదే" అని నాయన ముక్కను తిరిగి బిగించేశాడు. నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఇంజను నడిపించి, రేడియేటరు నోట్లో థర్మామీటరు పెట్టి చూస్తే తొంభై దాటింది. ముల్లు మళ్ళీ సగానికి కిందే. గిన్నెలో నిజం చెప్పిన ముల్లు ఇంజనులో ఎందుకు బొంకుతుంది? గిన్నెకు, ఇంజనుకు తేడా ఏమిటని వెతికితే, నేను కట్టిన తీగ ఒక్కటే కనిపించింది. ఒక కొస కారు ఇనుముకే ఉంచి, దాని రెండో కొసను ఇంజనుకు బిగించిన ఇత్తడి ముక్కకు తాకించాను. ముల్లు ఉలిక్కిపడ్డట్టు పైకి పోయింది.

అంతకు నెల ముందు ఆ ముక్క మొదలు దగ్గర నీళ్ళు కారుతుంటే నాయన దాని మరచుట్ల మీద పత్తిదారం వరసలు వరసలుగా చుట్టి, పైన తెల్ల రంగు పూసి బిగించాడు. పత్తి పండించే ఇల్లు మాది, బిందె కారినా పంపు కారినా మా మందు దారమే. నీళ్ళు ఆగాయి, కానీ ఆ దారం ముక్కను ఇంజను ఇనుముకు సరిగా తగలనివ్వలేదు, కరెంటు పూర్తిగా పారక ముల్లు సగంలోనే నిలిచిపోయింది. నాయన దారమంతా గీకి పారేసి, ముక్కను శుభ్రం చేసి బిగించాడు, తర్వాత అసలు వేడి ఎందుకో వెతికి వదులైన ఫ్యాను బెల్టు లాగి కట్టాడు.

పొద్దు వాలాక బయలుదేరాం. ముల్లు ఎర్ర గీత వైపు జరిగినప్పుడు శిరివెళ్ళలో చింతచెట్ల కింద ఆగి, ముల్లు కిందికి దిగాక కదిలాం. ఆ తెల్లవారి ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ దక్కించారు. అప్పటినుంచి నాయన ఎక్కడికి బయలుదేరినా, "ఏందమ్మా, నీ గాజుకడ్డీ ఏం జెప్తాంది?" అని అడిగేవాడు. కారు అమ్మేసిన తర్వాత కూడా అడిగాడు, నవ్వుతూ.

ఇప్పుడు ఎవరికీ ఆ గాభరా లేదు, మంచిదే. కానీ ముల్లు కొంచెం కొంచెంగా జరిగేటప్పుడు ఆగడానికి వ్యవధి ఉండేది, అది నిజం చెబుతోందా అని అడగడానికీ ఉండేది. ఆ బాడుగ కారులో శిరివెళ్ళ రాగానే నేను మళ్ళీ ముందుకు వంగాను. పక్కన కునుకుతున్న అక్క, మసక కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టి వెనక్కి లాగి, "కూచోవే, ఇంగ నా కడుపులో ఎవరూ ల్యారులే" అంది.