కబడ్డీ ఛానల్‌కు దిష్టి తీసిన

మొన్న మా ఇంట్ల ఏమైందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, ఫికర్ లేదు. గల్లీ మొత్తం నవ్వింది. నేనే సగం నవ్వి ఆగిపోయిన. మిగిలిన సగం ఎందుకు రాలేదో చెప్త, వినుండ్రి.

మాది లాల్‌దర్వాజా. గల్లీల మొదటి అంతస్తు, రెండర్రల కిరాయి ఇల్లు. నాకు నలుగుట్ల మాట్లాడాల్నంటే గొంతు ఎండిపోతది. నా బిడ్డ రేణుక నాకు పూరా ఉల్టా. కాలేజీల చేరిన కాన్నుంచి కబడ్డీ, కబడ్డీ! "అమ్మా, ఒక్కసారి గ్రౌండ్‌కు వచ్చి చూడే" అని ఎన్నిసార్లు బతిమాలిందో. గంతమంది నడుమ ఎట్ల కూసుంటనే అనుకుంట నేను పోనే లేదు. మా ఆయనది నీళ్ల ఆఫీసుల పని. ఎప్పుడు చూడు, ఏదో ఒక పైపు పలిగే ఉంటది. ఆయన కూడ పోలేదు.

గిట్లుండంగ టీం సారు పెద్ద క్యాంపుకు రేణుక పేరు ఇచ్చిండు. వేరే రాష్ట్రం. అక్కడ్నే ఉండి నేర్చుకోవాలె. పోరి కాలు ఒక్కకాడ నిలువకుంట తిరుగుతున్నది. మా ఆయన ఔననలే, కాదనలే.

"నేను నా కండ్లతోని చూడాలె. నిజంగ ఆడుతదో, ఉట్టిగ ఎగురుతదో చూసినంకనే మాట చెప్త" అన్నడు.

సరిగ్గ గప్పుడే కొత్త ఛానల్ వస్తున్నదని తెలిసింది. ఒక్క కబడ్డీ కోసమే అట! నాకైతే నమ్మబుద్ధి కాలే. "పొద్దుగాల లేచినకాన్నుంచి పండేదాంక కబడ్డేనా? మనుషులు ఆడాలె గద, అలిసిపోరా?" అని అడిగిన. మా ఆయన నవ్విండు. "వంటల ఛానల్ల పొద్దంత వండుతలేరా? వాళ్ల కడుపులు పలుగుతున్నయా?"

ఆ ఛానల్ మొదలయ్యే రోజు తొలి మ్యాచే ఆడపిల్లలది. అందుల మా రేణుక! ఫోన్ల కూడ వస్తది అన్నరు గని, మా ఆయన టీవీలనే చూస్త అని పట్టువట్టి, కేబుల్ అతన్ని పిలిపించి ఛానల్ పెట్టించిండు. జీవితంల మొదటిసారి సాయంత్రం డ్యూటీకి సెలవు పెట్టిండు.

నేను ఎవ్వరికీ చెప్పలే. చెప్పకుంట ఎట్లుంటది? పక్కింటి సత్తెమ్మ అక్కకు ఒక్క మాట అన్న. అంతే! సాయంత్రమయ్యేసరికి ముందటర్ర నిండిపోయింది. మెట్లమీద చెప్పులు ఒకదానిమీద ఒకటి. కింద వాటాల ఉండే ఫర్జానా ఆపా కూడ వచ్చి, "అరే బహెన్, హమారీ బచ్చీ టీవీ పే ఆరీ, హమ్ నహీ ఆతే క్యా?" అని, మన పోరి టీవీల వస్తుంటే మేం రాకుంటమా అన్నట్టు నా పక్కకే కూసున్నది.

ఉక్క పోస్తున్నది. మా కూలర్‌కు వేరే జాగ లేదు, వంటర్ర తలుపు కాడ పెడ్తం. వంటర్ర కిటికీ గాలి గుంజి ముందటర్రల ఊదుతది. ఈ ముచ్చట మంచిగ యాదిల పెట్టుకోండ్రి. నేనైతే మర్శిన.

ఛానల్ మొదలైంది. దీపం ముట్టిచ్చిండ్రు, పెద్దమనుషులు మాట్లాడిండ్రు, ఇంకా మాట్లాడిండ్రు. సత్తెమ్మ అక్క ఆవులించింది. "కబడ్డీ ఛానలా, మైకుల ఛానలా ఇది?" అన్నది. ఆఖరికి ఆట షురువైంది.

మా రేణుక మొదటి రైడ్‌కు పోయింది. ఇంట్ల చెంబు ఎత్తుమంటే నడుము నొస్తున్నదనే పోరి! ఉరికింది, వంగింది, ఒకామె భుజం తాకి, పట్టుకొనేలోపల జారి ఇవుతలకు వచ్చింది. గల్లీ అంత ఊగిపోయింది. మంచంమీద కూసున్న మా ఆయన ఎప్పుడు దిగిండో ఏమో, టీవీ ముందట సక్లముక్లం పెట్టుకొని కూసున్నడు. రెండోసారి పాయింట్ తెచ్చేసరికి తొడ చరుసుకున్నడు! పెండ్లయినకాన్నుంచి ఆయన్ను అట్ల చూడలే నేను.

గప్పుడు సత్తెమ్మ అక్క నాతోని అన్నది. "అబ్బ లక్ష్మీ! పోరి ఏమున్నదే! కండలు చూడు, మొఖంల కళ చూడు!"

ఇంకొకామె, "నిజమే, ఎంత ముద్దుగున్నదో!"

ఇంతమంది కండ్లు ఒక్క పోరి మీద! టీవీల చూసేటోళ్లు ఇంకెంతమందో! దిష్టి తగిలి కాలు ఇరిగితే? నేను మెల్లగ లేచిన. వంటర్రల నుంచి గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చిన. పోరి ఇంట్ల లేదు గద. టీవీకే దిష్టి తీసిన. చెయ్యి తిప్పిన, మళ్ల ఉల్టా తిప్పిన.

"ఏయ్, పక్కకు జరుగు! ఏం కనవడ్తలేదు!" అని మా ఆయన లొల్లి.

"ఇగో, అయిపోయింది అయిపోయింది" అన్న.

ఎప్పుడైనా దిష్టి తీస్తే కిందికి పోయి, గల్లీ మూల మీద నిప్పు చేసి కాలుస్త. ఆ రోజు మెట్లు దిగి పోతే మ్యాచ్ పోతది గద! చాయ్‌కు స్టౌ ముట్టిచ్చే ఉన్నది. పక్క పొయ్యి కూడ ముట్టిచ్చి పెనం పెట్టిన. దానిమీద మొత్తం ఏసి, ఉరికొచ్చి కూసున్న. తెలివి ఎక్కువైతే ఇట్లనే ఉంటది.

స్కోర్ సమానం. ఆఖరి రైడ్. సారు మా రేణుకనే పంపిండు. అందరం ఊపిరి బిగవట్టినం.

కూలర్ మాత్రం బిగవట్టలే! వంటర్రల పొగ మొత్తం గుంజి, సల్లగ, గుమ్మంగ మా అందరి మొఖాల మీద ఊదింది. మొదలు సత్తెమ్మ అక్క తుమ్మింది. తర్వాత ఒకామె దగ్గింది. ఆ తర్వాత ఎవరు తుమ్ముతున్నరో, ఎవరు దగ్గుతున్నరో తెల్వలే. "చచ్చిపోతున్న!" "తలుపు తియ్యుండ్రి!" "నా చెప్పు!" అనుకుంట మందంత మెట్ల మీద పడ్డరు. మా ఆయన ఒక్కడు తువ్వాల మొఖానికి కట్టుకొని టీవీ ముందట్నే కూసున్నడు. కండ్లు తెరుద్దామంటే తెరుసుకుంటలేవు. ఆఖరికి ఆయన కూడ గోడ పట్టుకొని బయటికొచ్చిండు.

సత్తెమ్మ అక్క దగ్గుకుంటనే అన్నది. "ఇంత ఘాటు వచ్చిందంటే... పోరికి దిష్టే లేదే లక్ష్మీ!" నిజమే. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు అంటరు.

లోపల కామెంట్రీ చెప్పేటోడు గొంతు చించుకుంటున్నడు. "రేణుకా... రేణుకా... రేణుకా!" జనం హోరు. గప్పుడే ఫర్జానా ఆపా దుపట్టా ముక్కుకు చుట్టుకొని, "హటో హటో" అని లోపలికి పోయి, కూలర్ బంద్ చేద్దామని ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరే గుంజింది. పాపం, ఆమె తప్పు కాదు. టీవీ కూడ అదే బోర్డుకు ఉన్నది. రెండూ బంద్!

మెట్ల మీద అందరం ఒకళ్ల మొఖాలు ఒకళ్లం చూసుకున్నం. అంతగనం అరిసిండంటే పోరి పాయింట్ కొట్టిందన్నట్టే గద! చప్పట్లే చప్పట్లు. ఎవరో ఈల కూడ ఏసిండ్రు. పొగ పోయి, టీవీ మళ్ల ముట్టిచ్చి, ఆ కేబుల్ డబ్బా తిరిగి తిరిగి బొమ్మ వచ్చేసరికి సబ్బు అడ్వర్టయిజ్‌మెంట్ వస్తున్నది.

కొంచెం సేపటికి రేణుక ఫోన్ చేసింది. ఎప్పుడూ నలుగుట్ల నోరు తెరవని నేను, ఆ రోజు స్పీకర్ పెట్టి మరీ ఒర్రిన. "మస్తు ఆడినవ్ బిడ్డా! ఆఖరి రైడ్‌కు గల్లీ గల్లీ చప్పట్లు కొట్టింది! మీ బాపు కండ్లెమ్మట నీళ్లు కారినయ్!"



"అమ్మా, ఆఖరి రైడ్‌ల నేను దొరికిపోయిన. ఓడిపోయినం." సన్నగ అడిగింది. "నువ్వు చప్పట్లు కొట్టినవా?"

ఫోన్ పెట్టేసింది. ఫర్జానా ఆపా నా భుజం మీద చెయ్యి ఏసి, "జానే దో, పోనియ్" అన్నది. అందరు చెప్పులు ఎతుక్కొని ఎల్లిపోయిండ్రు. చాయ్ గిన్నె అట్లనే ఉన్నది, నాకు పొయ్యి దిక్కు చూడబుద్ధి కాలే.

పోరి ఇంటికొచ్చి జరిగింది మొత్తం విన్నది. కోపం చెయ్యలే. నవ్వలే కూడ. "బాపు చూడలేదన్నట్టు" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నది. గా మాటకు నాకు అన్నం దిగలే. ఆమె ఓడిపోయిన్నాడు ఒక్క మాట ఓదార్పు చెప్పాల్సిన తల్లి చప్పట్లు కొట్టింది. చూడాల్సిన తండ్రి కండ్లల్ల కారం కొట్టింది. దుష్మన్లు కూడ ఇంత చెయ్యరు.

అయితే ఒక్క ఆటకే ఛానల్ పెడితే ఒక లాభం ఉన్నది. కొత్త ఛానల్, ఇంకేం చూపెడ్తరు? తెల్లారి మధ్యాహ్నం అదే మ్యాచ్ మళ్ల ఏసిండ్రు! మా ఆయన అన్నం తిననీకి వచ్చి, బిడ్డను పక్కకు కూసోబెట్టుకున్నడు. నా దిక్కు చూసి, "నువ్వు బయట కూసో. మ్యాచ్ అయ్యేదాంక లోపలికి రాకు" అన్నడు. ఏమంట? పోయి మెట్ల మీద కూసున్న.

లోపలి మాటలు ఇనవడ్తున్నయి.

"ఈడ ఎందుకు ఎనుకకు రాలే?"

"లైన్ దగ్గర్నే ఉండె బాపూ. అందుతదనుకున్న."

"ఎంత దూరం?"

"జానెడు."

నేను మెట్టు పట్టుకొని కూసున్న. తర్వాత మా ఆయన గొంతు సవరించుకున్నడు. "జానెడంటే నేర్పితే వస్తది. మీ సారుకు ఫోన్ కలుపు, క్యాంపుకు పంపుతనని చెప్త."

నాకు ఏడుపు వచ్చింది. ఈసారి మిరపకాయలు లేకుంటనే.

సాయంత్రం ఇంకోసారి ఏసిండ్రు. ఇంట్ల ఎవ్వరు లేరు. స్టౌ బంద్, కూలర్ బంద్. టీవీ ముందట ఒక్కదాన్నే కూసొని మొదటి నుంచి చూసిన. ఎంత మంచిగ ఆడిందో నా తల్లి! ఆఖరి రైడ్ వచ్చింది. తాకింది, తిరిగింది, లైన్ దిక్కు చెయ్యి చాపింది. ఎనుక నుంచి అందరు మీద పడ్డరు. నా కండ్లు వాటంతటవే గట్టిగ మూసుకున్నయి. తెరిచేసరికి మళ్ల సబ్బు!

రేణుక తలుపుకాడ నిలవడి చూస్తున్నది. ఎప్పుడు వచ్చిందో.

"చూసినవా అమ్మా?"

"చూసిన బిడ్డా."

"నన్ను ఎక్కడ పట్టుకున్నరు? చెయ్యా, కాలా?"

కొంచెం సోంచాయించి, "రెండూ" అన్న.

"నడుము పట్టుకున్నరే అమ్మా!" అని పొట్ట పట్టుకొని నవ్వింది. నిన్నటి సంది మొదటిసారి నవ్వింది. నేనూ నవ్విన, సగమే. మిగిలిన సగం ఆ రోజు కొట్టిన చప్పట్ల కాడ్నే ఆగిపోయింది. కబడ్డీ కోసమని ఏకంగ ఒక ఛానల్ పెట్టినోళ్లు, నా అసొంటి తల్లుల కోసం ఆఖరి రైడ్ లేని ఛానల్ ఇంకొకటి పెట్టరాదా!