పత్తి గదిలో పలికిన గొంతు

దయ్యాలంటే నాకు నవ్వు. పెళ్లికి ముందు గుంటూరులో పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా ఏమీ అనుకోను.

మా అమ్మ లేదు. అందుకని పురుడు మార్టూరు దగ్గర అత్తగారింట్లోనే జరిగింది. ఆ ఏడు పత్తికి ధర లేక, అమ్మకుండా నా గదిలోనే సగం దాకా పోశారు. బాలింతకు గాలి తగలకూడదని అత్తయ్య కిటికీ మూసి, సందుల్లో ఆ పత్తే కుక్కింది. నా చెవుల్లోనూ అదే.

నిద్ర పట్టేది కాదు. బిడ్డను ఎత్తుకోవడానికి వెనకాడేదాన్ని. వాణ్ణి నేనే ఏమైనా చేసేస్తానేమోనని భయం. ఒక్కసారి బయటికి వెళ్తానంటే, గాలి సోకిందని అత్తయ్య గొళ్లెం కూడా పెట్టింది. మా ఆయనేమో, అమ్మకు అన్నీ తెలుసులే అన్నాడు. అత్తయ్య చెడ్డమనిషి కాదు. వాళ్ల పద్ధతి అంతే. నాకు మాత్రం ఊపిరాడేది కాదు.

ఊళ్లోకి వచ్చే నర్సమ్మ నన్ను చూసి, డాక్టరుకు చూపించాల్సిందేనని పట్టుబట్టింది. మానసిక వైద్యులు గుంటూరు నుంచే వీడియోలో మాట్లాడతారని, మందులు తనే తెచ్చిస్తానని చెప్పింది. బాలింత గడప దాటదంది అత్తయ్య. సరేనని ట్యాబు నా ఒళ్లో పెట్టి, ఆస్పత్రికి ఫోన్ చేయడానికి నర్సమ్మ వాకిట్లోకి వెళ్లింది. అత్తయ్య తలుపు దగ్గర కూర్చుంది.

తెర నల్లగానే ఉంది. కాసేపటికి ఒక ఆడగొంతు, నిద్ర పడుతోందా అని అడిగింది. చెవుల్లో పత్తి ఉన్నా స్పష్టంగా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేనిదంతా చెప్పేశాను. అడ్డు రాకుండా వింది. ఆ తర్వాత అంది:

"అత్తయ్యా, ఆ కిటికీ తియ్యండి. ఈ పిల్లనన్నా బయటికి పోనివ్వండి."

అత్తయ్య మొహం పాలిపోయింది. లేచి, పత్తి పీకేసి, కిటికీ తెరిచింది. బిడ్డను చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.

నర్సమ్మ ఇంకా ఫోన్‌తో కుస్తీ పడుతోంది. గదిలో సిగ్నలే లేదట, కాల్ కలవనే లేదట, ఏమనుకోవద్దంది. వాకిట్లో మళ్లీ చేస్తే కలిసింది. తెర మీద కనిపించింది మగ డాక్టరు.

బావగారి భార్య నా పెళ్లికి ముందే, బాలింతగా, ఆ గదిలోనే పోయిందని పక్కింటావిడ తర్వాత చెప్పింది.

మందులతో, నెలనెలా డాక్టరుగారు వీడియోలో చెప్పే మాటలతో తేరుకున్నాను. బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. నిద్రలేక నా చెవులే మోసపోయాయి అనుకుందామంటే, అత్తయ్యకు ఏ జబ్బూ లేదు కదా. ఆ గొంతు ఎవరిదని ఒకసారి ఆమెనే అడిగాను. బాబుకు అన్నం పెట్టాలంటూ లేచి వెళ్లింది.

వాన జల్లు కొట్టినా ఆ కిటికీ మాత్రం మూయనివ్వదు.