తీగ పీకితే నోరు పడిపోయిన పెట్టె

2025, ఆగస్టు. శ్రీకాకుళంలో నా కంప్యూటర్ రిపేరు షాపు ముందు వాన ఎంత దట్టంగా పడుతోందంటే, రోడ్డుకి అటువైపున్న టీకొట్టుకి వెళ్ళాలన్నా బోటు కట్టాలి. ఆ వానలో సముద్రం ఒడ్డునున్న భావనపాడు నుంచి ముగ్గురు దిగారు. చేపల వ్యాపారం చేసే నూకాలమ్మ, ఎచ్చెర్లలో చదువుతున్న ఆమె కూతురు సంధ్య, చూపు మందగించిన మావగారు ఎర్రయ్య. నూకాలమ్మ నెత్తిమీద చేపల గంప. గంపలో టార్పాలిన్ చుట్టిన కంప్యూటర్. ఇరవై రెండేళ్ళ నా సర్వీసులో రొయ్యల వాసనతో వచ్చిన సీపీయూ అదొక్కటే.

"సూడు బాబూ," అంటూ గంప నా బల్లమీద దభీమని దించింది. "నిన్న నెట్టు పోనాది. దీని నోరు పడిపోనాది. నెట్టు లేకపోయినా మాటాడతాదనే కదా కొన్నాం!"

తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. అడిగినదానికి జవాబు చెప్పే ఏఐ మామూలుగా ఎక్కడో దూరాన పెద్ద యంత్రాల్లో కూర్చుంటుంది. మనం టైపు చేసింది అక్కడికి వెళ్ళి, జవాబు తిరిగొస్తుంది. అయితే కొన్ని మోడళ్ళని తయారుచేసినవాళ్ళే అందరికీ వదిలేశారు. వాటిని ఓపెన్ సోర్స్ అంటారు. ఆ మోడల్ ఫైలు దించుకుని మన కంప్యూటర్లోనే పెట్టుకుంటే అది లోకల్ మోడల్. ఇంటర్నెట్ అక్కర్లేదు, అడిగిన మాట గడప దాటదు.

వీళ్ళకి కావలసింది ఆ గడప దాటకపోవడమే. ఎర్రయ్య దగ్గర నలభై ఏళ్ళ నోటుపుస్తకం ఉంది. సముద్రం అడుగున చేపలు చేరే బండల గుర్తులు అందులో ఉన్నాయి. ఫలానా కొండ కొస ఫలానా తాడితోపు మీదికొచ్చిన చోట, ఇన్ని బారల లోతున, అని. వాటిని వియ్యంకుడికి కూడా చెప్పరు. తాతకి చూపు పోతోందని సంధ్య రెండు నెలలు కూర్చుని పుస్తకమంతా ఈ పెట్టెలోకి ఎక్కించింది. ఏ గాలికి ఏ బండ మంచిదో, వేటకెళ్ళేముందు వాళ్ళ నాన్న దాన్నే అడిగేవాడు.

ఇక్కడ నా పాపం ఒకటుంది. సంధ్య లాప్‌టాప్ బాగుచేసేది నేనే. ఆ చనువుతో కొనేముందు ఫోన్ చేసి అడిగింది. "బాబాయ్, పట్నంలో ఒకాయన లోకల్ ఏఐ పెట్టె అమ్ముతన్నాడు, కొనీమంతావా?" అప్పుడు నా నోట్లో పకోడీ ఉంది. "కొనెయ్యమ్మా" అన్నాను. పెట్టె చూడలేదు, మూత విప్పలేదు.

ఇప్పుడు విప్పాను. నాలుగు జీబీ ర్యామ్. ర్యామ్ అంటే పనిచేసేటప్పుడు కంప్యూటర్ సరుకు పరుచుకునే అరుగు. కాస్త బుద్ధిగా మాట్లాడే మోడల్ ఆ అరుగుమీద కాలు చాపుకోవడానిక్కూడా పట్టదు. డిస్కంతా గాలించాను, మోడల్ ఫైలన్నదే లేదు. నెట్ తీగ పెట్టాను, గలగలా మాట్లాడింది. పీకాను, మూగబోయింది. కోపంకొద్దీ పదకొండుసార్లు పెట్టి పీకాను. ఆ సమయంలో నా నెత్తిమీద పెనం పెట్టి ఉంటే పెసరట్టు కాలేది, అల్లం ముక్కలతో సహా.

అమ్మినవాడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"ఇందులో మోడల్ ఏదయ్యా?"

"మా సర్వర్లో ఉంటుంది సార్. పెట్టె వాళ్ళింట్లోనే ఉంది కదా, అదే లోకల్."

"అంటే వాళ్ళు టైపు చేసిందంతా నీ దగ్గరికొచ్చింది?"

"వస్తే ఏమైంది సార్? చేపలోళ్ళ కబుర్లు ఎవడిక్కావాలి?"

చేపలోళ్ళ కబుర్లు! నలభై ఏళ్ళు ఉప్పునీళ్ళలో కళ్ళు పోగొట్టుకుని ఒక మనిషి కూడబెట్టిన చదువు వాడికి కబుర్లు. నేను తిట్టిన తిట్లకి ఫోన్ వేడెక్కింది, ఎదురింటి పిల్లి వారం రోజులు మా వీధికి రాలేదు. వాడు మాత్రం మూడో తిట్టుకే పెట్టేశాడు.

"మా బండలన్నీ బజార్న పడిపోనాయా!" అని నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది. "నాను సేతులారా ఎక్కించానే" అని సంధ్య ఏడుపు. ఎర్రయ్య మాత్రం స్టూలుమీద కూర్చుని కిసుక్కున నవ్వాడు.

"ఏడవకే గుంటా. ఆ రాతని నమ్మి ఎల్లినోడికి ఉప్పునీరే దొరుకుతాది."

"అదేటి తాతా?"

"నిజం పుస్తకంలో ఎవుడైనా రాస్తాడేటే? రాసిన కొండొకటి, సూడాల్సిన కొండొకటి. ఎంత జరపాలో మీ అయ్యకి తెలుసు. పెట్టె సెప్పినదాన్ని ఆడు మనసులో జరుపుకుని ఎల్తన్నాడు."

సంధ్య కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు కోపం ఆమె వంతు. "రెండు నెల్లు అబద్ధాలెక్కించానా? నాకు సెప్పలేదేటి?"

"నువ్వు బోటెక్కవు కదే."

"ఎక్కను. రేపు నీకు సూపు పూర్తిగా పోయి, అయ్యకి ఏటైనా అయితే, మన బండలు ఎవుర్నడగాల? సముద్రాన్నా?"

నూకాలమ్మ కూడా మావగారి వైపే చూసింది.

ఈలోగా నేను పనికి దిగాను. నా దగ్గరున్న ర్యామ్ వేశాను, చిన్న ఓపెన్ సోర్స్ మోడల్ ఒకటి ఎక్కించాను, సంధ్య ఆ పెట్టెలోనే దాచిన పుస్తకం నకలు దానికి అప్పజెప్పాను. తీగ పీకి అడిగాను. ఒక్కో మాటా వలలో చిక్కిన పీతని విప్పినంత తీరిగ్గా తీసింది, కానీ మాట్లాడింది. ఎర్రయ్య లేచొచ్చి, తీగ పెట్టే కన్నంలో వేలు పెట్టి తడిమి, ఖాళీయేనని తేల్చుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"బాబూ, నువ్వు బయటికెల్లు."

"తాతా, ఇది నా షాపు."

"షాపు నీదే. బండలు మావి. కొనీమన్నోడివి నువ్వే కదా."

వెళ్ళి వానలో నిలబడ్డాను. అద్దంలోంచి చూస్తే, ముసలాయన మనవరాలి చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా కీబోర్డు మీదికి పోతే, పట్టుకుని వెనక్కి లాగాడు.

వాళ్ళ గుట్టు దక్కింది ముసలాయన తెలివివల్ల. నావల్ల కాదు. నా కోపం మాత్రం ఈనాటికీ దిగలేదు. ఇంకో ఇంట్లో ఇలాంటి పెట్టె ముందు ఎవరో కూర్చుని తన జబ్బో, భూమి తగాదానో ఎక్కిస్తూ ఉంటారు. వాళ్ళు నిజమే రాస్తారు.

అందుకే ఎవరు ఫోన్ చేసినా నాదొకటే మాట. పెట్టె పట్టుకురండి, ముందు తీగ పీకుదాం. నోట్లో పకోడీ ఉంటే అసలు ఫోనే ఎత్తను.