మెత్తన్న పెంకు

ఆయన్ని వీధిలో అందరూ తొట్లాయన అంటారు. చేపలు పెంచుకునే గాజు తొట్లు చేయడం ఆయన పని. అద్దం కోసి, అంచులకు జిగురు పట్టించి, నీళ్ళు నింపి, కింద పాత పేపరు పరిచి వదిలేస్తాడు. మర్నాడు ఆ పేపరు మీద ఒక్క చుక్క తడి కనబడిందా, తొట్టి మొత్తం విప్పి మళ్ళీ మొదటికి రావాల్సిందే. కొనేవాడు గుమ్మంలో చిందులు తొక్కినా సరే, "తొందరైతే బకెట్ కొనుక్కో" అంటాడు. ఆ మాటకి భార్య తల పట్టుకుంటుంది. కానీ ఆయన చేసిన తొట్టి కారిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి తేలేదని చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ మెడ కాస్త నిక్కుతుంది.

దుకాణం ముందు కిటికీలో ఉన్న పెద్ద తొట్టి అమ్మకానికి కాదు. అందులో మెత్తన్న ఉంటాడు. ఏళ్ళ కిందట మార్కెట్లో కొన్న చేపల బుట్ట అడుగున దొరికిన తాబేలుపిల్ల. అప్పుడు అరచేతిలో ఇమిడేది. దాని పెంకు అంచులు తోలులా వంగుతుంటే, పాపం, పిల్లకి ఎముకబలం లేదనుకున్నాడాయన. గుడ్డుపెంకులు ఎండబెట్టి, మెత్తగా దంచి, మేతలో కలిపి పెట్టేవాడు. పొద్దున్నే దాని చిన్న తొట్టిని ఎండ వైపుకు జరిపేవాడు.

"నాకు మోకాళ్ళు నొప్పులంటే ఏ రోజైనా ఒక్క గుడ్డుపెంకు దంచారా?" అని భార్య సాధించేది.

"నువ్వు నోరు తెరిచి అడగగలవు. వాడు అడగలేడుగా!"

మెత్తన్న పళ్ళెమంత పెరిగాడు. పెంకు మాత్రం గట్టిపడలేదు. అలాంటిది ఉన్నట్టుండి మేత మానేశాడు. ఎత్తి చూస్తే పొట్ట కింద ఎర్రగా పుళ్ళు. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. తడిగుడ్డ కప్పిన టబ్బు ఒళ్ళో పెట్టుకుని, భార్యను వెంటేసుకుని, ఊరి బయట తాబేళ్ళకు వైద్యం చేసే కేంద్రానికి ఆటోలో బయల్దేరాడు.

అక్కడి డాక్టరమ్మ గొట్టంలా సాగిన ముక్కు చూసింది. పాదం విప్పి, గోళ్ళు మూడే ఉన్నాయని చూపించింది.

"చిన్నప్పుడు వీపు మీద కళ్ళలాంటి మచ్చలుండేవా, బాబాయిగారూ?"

"ఉండేవమ్మా, గుండ్రంగా. నా నీళ్ళు పడకే మాసిపోయాయనుకున్నా."

"పెద్దయ్యాక మాసిపోతాయి, అది మామూలే. మీరు చెప్పింది బాగా పనికొచ్చింది. ఇక అనుమానం లేదు, ఇది మెత్తపెంకు తాబేలు. ఏట్లో ఉంటుంది. దీని పెంకు ఎప్పటికీ గట్టిపడదు, పడకూడదు కూడా."

ఇన్నేళ్ళు దంచిన గుడ్డుపెంకులు గుర్తొచ్చి భార్యకి నవ్వొచ్చింది కానీ, ఆయన ముఖం చూసి ఆ నవ్వు మింగేసింది.

"తొట్టి అడుగున ఏం వేశారు?"

"నున్నటి గులకరాళ్ళు. చూడ్డానికి అందంగా ఉంటాయని."

"అవే ఒరుసుకుని పుళ్ళు పడ్డాయి. దీనికి కావాల్సింది ఇసుక."

డాక్టరమ్మ మెత్తన్నని ఇసుక పోసిన నీళ్ళ తొట్టిలో వదిలింది. వాడు ఒళ్ళు అటూ ఇటూ కదిపాడు. ఇసుక లేచి మళ్ళీ సర్దుకుంది. చూస్తుండగానే వాడు మాయమయ్యాడు, ముక్కు కొస తప్ప.

"ఏటి అడుగున ఇలాగే పడుకుంటుంది. దాక్కుంటేనే దీనికి నెమ్మది" అంది డాక్టరమ్మ. పుళ్ళు మానాక ఏట్లో వదలడమే మంచిదని కూడా చెప్పింది.

తొట్లాయన తొట్టి మీదికి వంగి ఆ ముక్కు కొసని చూశాడు. "కిటికీలో పెట్టి వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించానే" అన్నాడు మెల్లగా.

భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "పోనీ, ఇసుక పోసి మనమే చూసుకుందామా?"

"ఎంత పెద్ద తొట్టయినా చేస్తాను. ఏరు చేయలేను కదే."

ఈ మనిషిని కట్టుకున్నందుకు ఆవిడకి ఆ క్షణం ఎంత గర్వంగా అనిపించిందో!

పుళ్ళు మానాక డాక్టరమ్మా, వాళ్ళిద్దరూ కలిసి ఏటి మలుపులో ఇసుక తేలిన చోటికి వెళ్ళారు. తొట్లాయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మెత్తన్నని తన చేతులతోనే దింపాడు. వాడు మెడ చాచాడు, జారాడు, అడుగు ఇసుకలో కలిసిపోయాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇసుక రేణువులు కూడా కనబడుతున్నాయి.

"కనబడుతున్నాడా?" గట్టు మీంచి అడిగింది భార్య.

"లేదే" అన్నాడాయన, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత బాగా దాక్కున్నాడో చూశావా!"